మూడో పళ్లెం

లిలువా రైల్వే క్వార్టర్లో, కొత్త స్టీలు పళ్లెం మీద చెక్కిన పేరు చూసి మొగుడు ఆగిపోయాడు.

"ఏటే ఇది? రేపొచ్చే పిల్ల పేరు అప్పుడే కొట్టించేసినావా?"

"మన పళ్లేల మీద మన పేర్లు లేవేటి?"

"పిల్లల సంక్షేమం ఆఫీసోళ్లు ఏడాది పెంచమనే ఇస్తన్నారు. దత్తత కాదు."

"అయితే?"

"ఏ కులం పిల్లో తెలీదు, దీన్లోనే పెట్టమని మాయమ్మ అల్యూమినం గిన్నె ఇచ్చింది కదా?"

"దాన్నిండా నీళ్లు పోసి, కాకులకని గోడ మీదెట్టేసినాను."

"ఏడాదయ్యాక పిల్లని తీసుకెళ్లిపోతే?"

"పళ్లెం అట్టుకెల్తాది. పేరెట్టి అన్నమెట్టిన ఇల్లొకటుందని దానికి తెలవాల."

అతను అక్షరాల్ని వేలితో తడిమాడు.

"ఇలాగియ్యి. పైపైన కొట్టినాడు, తోమితే అరిగిపోతాది. వర్క్‌షాపులో నేనే లోతుగా చెక్కుకొస్తాను. కళ్లజోడు లేకపోయినా మాయమ్మకి కనపడాల."