గింజలతో తరిమిన దెయ్యం

జపనీస్ క్లాసు తలుపు ధడాలున మూసుకుంది. ఎర్ర దెయ్యం మాస్కుతో వరండాలోకి వచ్చిపడ్డ టీచరుకు ఎదురుగా ప్రిన్సిపాల్ గారు నిలబడి ఉన్నారు.

"ఎవరమ్మా మీరు?"

"నేనేనండి, జపనీస్ టీచర్ని," అంటూ ఆమె మాస్కు తీసింది. "పిల్లలు తరిమేశారు."

"తరిమేయడమేంటి? జుట్టులో ఆ గింజలేంటి?"

"వేయించిన సోయా గింజలండి. జపాన్‌లో చలికాలం వెళ్లిపోతోందనగా ఇంట్లో ఒకరు దెయ్యం వేషం వేస్తారు. మిగతావాళ్లు గింజలతో కొట్టి, 'దెయ్యాలు బయటికి, అదృష్టం లోపలికి' అని అరుస్తూ గడప దాటిస్తారు."

"ఆ అరుపులు జపనీస్‌లోనేనా?"

"అచ్చంగా జపనీసేనండి. అందరికంటే పైన వినబడుతోందే, అది వెనక బెంచీ అమ్మాయి గొంతు. చేరినప్పట్నుంచీ హాజరు కూడా చెయ్యెత్తే చెప్పేది. ఇవాళ తలుపుదాకా వెంటపడి మరీ కొట్టింది. నాకైతే కాళ్లు నేలమీద ఆనడం లేదండి."

ప్రిన్సిపాల్ గారు తలుపుకు చెవి ఆనించి విన్నారు.

"మీరేదో పనిమీద వచ్చినట్టున్నారు?"

"ఈ క్లాసులో ఒక్కరూ నోరు విప్పరట. వచ్చే నెల నుంచి ఎత్తేద్దామని కమిటీ అంటోంది. ఆ మాట చెబుదామనే వచ్చా."

టీచరు ముఖంలో నవ్వు ఆరిపోయింది. లోపల కేకలు మాత్రం ఆగలేదు.

"రండి సార్, వాళ్లకే చెప్పండి. కాకపోతే ఇవాళ అదృష్టాన్ని తప్ప ఎవర్నీ లోపలికి రానివ్వరు."

ఆయన కళ్లజోడు తీసి జేబులో పెట్టుకున్నారు.

"కమిటీ పై గదిలోనే కూర్చుంది. ఆ మాస్కు ఇలా ఇవ్వమ్మా. పిల్లల్ని ఆ కేకలతోనే నన్ను మెట్లపైదాకా తరమమను."