దొరసాని గదికి కుట్టులేని కర్టెన్

నమ్మవు కదూ? ఆ కనుబొమ్మ అలా పైకి లేపావంటేనే తెలుస్తోంది, నమ్మవని. అచ్చం మీ అమ్మమ్మ. పుట్టి నెల తిరిగిందో లేదో, అప్పుడే తాతని అనుమానించడం నేర్చుకున్నావు. సరే దొరసానీ, నీకు దమ్ముంటే ఇప్పుడు నేను చెప్పేదాంట్లో ఒక్క అబద్ధం పట్టుకో. పట్టుకుంటే ఈ మీసం నీది, పీక్కో.

అబ్బబ్బ, ఇప్పుడే కాదు. వదులు. అంతా విన్నాక పీకమన్నాను.

ఏమిటా చూపు? తాత గుసగుసలాడుతున్నాడేమిటనా? ఏం చెయ్యను తల్లీ, నా గొంతుకి జైలుశిక్ష పడింది. ఇది ఎలాంటి గొంతనుకున్నావు? కూరగాయల టోకు మార్కెట్లో ముప్ఫై ఏళ్ళు వేలం పాడిన గొంతు. నేను ‘ఒకటోసారి’ అంటే పావురాలు పక్క వీధికి కాపురం మార్చేసేవి. ‘రెండోసారి’ అంటే బస్తాలకి కట్టిన పురికొసలు వాటంతటవే ఊడిపోయేవి. ‘మూడోసారి’ అనేసరికి కొనేవాడు అడిగినంతా ఇచ్చేసి, చెవులు మూసుకుని పారిపోయేవాడు.

అలాంటి గొంతుని నువ్వొచ్చిన రోజునే మూసేశారు. నేను దగ్గితే నువ్వు ఉలిక్కిపడతావట. చెప్పులు విడిస్తే కేరుమంటావట. నిన్ను లోకమంతా ఎత్తుకుంది, గ్యాసు సిలిండరు తెచ్చినాయనతో సహా. సొంత తాతకి మాత్రం గుమ్మం దగ్గర్నుంచే చూపు. సినిమా తారల్ని కూడా నేను ఇంతకంటే దగ్గరగా చూశాను.

ఇక ఈ గది. పడమటి కిటికీ. మధ్యాహ్నం దాటిందంటే ఎండ సరాసరి నీ ఉయ్యాల్లోకి దిగేది. నువ్వు కళ్ళు చికిలించడం, మూతి వంకర తిప్పడం, ఆపైన రాగం. నువ్వు రాగం తీస్తే మీ అమ్మకి నిద్రెక్కడిది? అదిగో, ఆ మంచం మీద నోరు తెరుచుకుని పడుకున్న మనిషే మీ అమ్మ. మొన్న గ్లాసులో నీళ్ళు పోసుకుంటూ పోసుకుంటూ నిద్రపోయింది. ఆ నీళ్ళు బల్ల మీంచి నేల మీదకీ, నేల మీంచి నా కాళ్ళ మీదకీ వచ్చాయి. నేను అరిచానా? అరవలేదు. అది మాత్రం ఎవరూ చెప్పుకోరు.

కర్టెన్ లేకపోతే లాభం లేదన్నారు. ఈ పాతకాలపు కిటికీ కొలతకి షాపులో దొరకదు. దర్జీ రెండు వారాలన్నాడు. మీ అమ్మమ్మకి కుట్టుమిషనుంది గానీ, అది కదిలిందంటే గూడ్సు బండి వంతెన ఎక్కినట్టుంటుంది. పోనీ చేత్తో కుడదామా అంటే ఆవిడకి మణికట్టు నొప్పి. అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. అప్పుడు లేచిందెవరో చెప్పుకో చూద్దాం.

నేనే. కుట్టకుండా కర్టెన్ చేస్తానన్నాను.

మీ అమ్మ నవ్వలేదు. నవ్వే ఓపిక కూడా లేదు దానికి. “నాన్నా, చప్పుడు చెయ్యకుండా ఈ గది చీకటి చేశావంటే, నేను పడుకున్నంతసేపూ పాప నీ దగ్గరే. ఏడిపించావో, అది పాకేదాకా మళ్ళీ అడక్కు,” అంది.

విన్నావా ఏం షరతు పెట్టిందో? ఇవాళ నువ్వు నోరు తెరిచావంటే నేను మళ్ళీ గుమ్మం దగ్గరికే. కాబట్టి కాస్త దయుంచు. ఆ, ఆవలింత పరవాలేదు. ఆవలింతకి షరతు లేదు.

పొద్దున్నే లేసుల కొట్టుకి వెళ్ళాను. కొట్టావిడ ఒక టేపు చేతిలో పెట్టింది, సాలెగూడులా పల్చన. గుడ్డ అంచు మడిచి, మడత లోపల ఈ టేపు పెట్టి, పైన ఇస్త్రీ పెట్టె ఆనిస్తే కరిగి పట్టేస్తుందిట. సూదీ అక్కర్లేదు, దారమూ అక్కర్లేదు. ఇంకా చాలా చెప్పింది పాపం. నేను సగం విన్నాను. సగం వింటే చాలు నాకు, మిగతా సగం నేనే కనిపెడతాను.

కత్తెర కరకరమంటుందని గుడ్డ పట్టుకుని డాబా ఎక్కాను. పిట్టగోడ మీద కాకులు వరసగా కూర్చున్నాయి. పెదవి మీద వేలుంచి ఒక్క చూపు చూశాను. కోయడం పూర్తయ్యేదాకా ఒక్క కాకి కావుమనలేదు.

కిందికొచ్చాను. మీ అమ్మమ్మ కూరగాయలకనీ, అట్నుంచటే చెల్లెలింటికనీ వెళ్ళింది. అదను చూసి అల్మరాలోంచి ఆవిడ ఉన్ని దుప్పటి తీసి భోజనాల బల్ల మీద పరిచాను, ఇస్త్రీ పెట్టె కింద మెత్తగా ఉండాలి కదా. ఆ దుప్పటి సంగతి నీకు తెలీదు. చలికి పళ్ళు టకటకలాడుతున్నా సరే, పాడైపోతుందని ఆవిడే కప్పుకోదు. మనల్నెక్కడ కప్పుకోనిస్తుంది?

ఇప్పుడు అసలు విద్య. ఇస్త్రీ పెట్టె జరపకూడదు. తడిగుడ్డ వేసి, ఒక్కచోట ఆనించి, ఎత్తి, పక్కన ఆనించాలి. ఎంతసేపు ఆనించాలి? కొట్టావిడ చెప్పే ఉంటుంది, అది నేను వినని సగంలో పోయింది. అప్పుడు తట్టింది నాకు. ఒకటోసారి. రెండోసారి. మూడోసారి. రెండుకీ మూడుకీ మధ్య ఎంత ఆగాలో ఈ భూమండలం మీద నాకు తెలిసినట్టు ఇంకొకడికి తెలీదు. కొనేవాడి మనసు కరిగేదాకా ఆగాలి, మళ్ళీ గట్టిపడేలోగా కొట్టెయ్యాలి. జిగురుకీ అదే లెక్క తల్లీ. పెదవులు మాత్రం కదుపుతూ, గొంతన్నది లేకుండా, ఆ మూల నుంచి ఈ మూల దాకా వేలం పాడాను. నా జన్మలో అంత గొప్ప వేలం పాడలేదు. విన్నది ఒక్క గుడ్డ.

పట్టిందా? పట్టడమంటే మామూలుగా కాదు. ఇద్దరు పహిల్వాన్లు చెరో పక్కా లాగినా ఊడదు. కర్టెన్ పైకెత్తాను. కర్టెన్‌తో పాటు దుప్పటి కూడా లేచింది.

అదే నా పథకం. రెండు పొరలు. ఎండ ముందు కర్టెన్‌తో కుస్తీ పట్టి, నీరసపడి, దుప్పటి దగ్గరికొచ్చి చేతులెత్తెయ్యాలి. పెద్ద పెద్ద హోటళ్ళలో అలాగే చేస్తారు. మళ్ళీ ఏమిటా కనుబొమ్మ?

తగిలించడానికి రింగు క్లిప్పులు తెచ్చాను. బట్టలారేసే క్లిప్పులకి పెద్దన్నలనుకో. గోడకీ గోడకీ మధ్య బిగుసుకుని నిలబడే స్ప్రింగు రాడ్డు, మేకూ లేదు, సుత్తీ లేదు. స్టూలు కిర్రుమంటుందని దాని నాలుగు కాళ్ళకీ నా మేజోళ్ళు తొడిగాను. ఎక్కాను. తగిలించాను. అంతే, పట్టపగలు దీపం పెట్టుకోవాల్సినంత చీకటి. సూర్యుడు కిటికీ అవతల నిలబడి, మొన్నటి దాకా ఇక్కడో ఇల్లుండాలే అని వెతుక్కుని పోయాడు.

మీ అమ్మ వచ్చి చూసింది. నిన్ను తెచ్చి నా చేతుల్లో పెట్టింది. లారీల సరుకు చూసిన చేతులివి. నువ్వెంత, ఓ గుమ్మడికాయంత లేవు. అయినా జారిపోతావేమోనని రెండు చేతులతో గుండెకి హత్తుకున్నాను. మీ అమ్మ తల దిండుని తాకకముందే నిద్రపోయింది. ఇదిగో, అప్పట్నుంచీ మనం ఇలా.

ఉష్. కదలకు.

వంటింట్లో సంచీ దించిన చప్పుడు. వచ్చేసింది మీ అమ్మమ్మ. అది అల్మరా తలుపు. వచ్చీ రాగానే అల్మరాతో ఏం పని ఈ మనిషికి?

విను తల్లీ, వ్యవధి లేదు, ఒక్క నిజం నీ చెవిలో పడేస్తాను. ఆ దుప్పటి నా పథకం కాదు. అంచు మడవాలన్నది మర్చిపోయాను. టేపు తీసుకెళ్ళి గుడ్డ కింద పెట్టి ఇస్త్రీ చేశాను, మూడు పక్కలా. ఊడదీద్దామని గంటసేపు లాగాను, రాలేదు. హోటళ్ళ సంగతి నాకేం తెలుసు? ఇది నీకూ నాకూ మధ్య. వస్తోంది, వస్తోంది.

...

వెళ్ళిందా? వెళ్ళింది.

చూశావా దొరసానీ? సరాసరి కిటికీ దగ్గరికే వెళ్ళింది. కర్టెన్ అంచు పట్టుకుని తిరగేసింది. తన దుప్పటి. వేలితో ఆ జిగురు గీకి చూసుకుంది. నా వైపు తిరిగింది. నోరు తెరిచింది. మా పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆ నోరు తెరుచుకున్నాక ఊరికే మూసుకున్నది లేదు. నా పని అయిపోయింది, నువ్వు లేస్తావు, నేను గుమ్మం దగ్గరికి పోతాను అనుకున్నాను.

మంచం మీద మీ అమ్మని చూసింది. నా చేతుల్లో నిన్ను చూసింది. నోరు మూసేసింది. పక్కనుంచి ఎండ సన్నగా గీతలా వచ్చి నీ బుగ్గ మీద పడుతోంటే, తన దుప్పటి తనే లాగి, ఆ సందు మూసింది. పోతూ పోతూ నా చెవి దగ్గరికొచ్చి, “దుప్పటి సంగతి సాయంత్రం తేలుస్తాను. మధ్యాహ్నాలు పాప ఇక మీ దగ్గరే, అమ్మాయికి నేను చెప్తాను,” అంది. గుసగుసగా. ఆవిడ.

విన్నావు కదూ? ఏయ్, దొరసానీ.

నిద్రపోయిందా? ఎప్పుడు నిద్రపోయావే? ఇంత జరిగితే, అంతా నిద్రలో పోగొట్టుకున్నావా? రేపు పెద్దయ్యాక అమ్మమ్మ తిట్టకుండా వెళ్ళిందంటే నువ్వేం నమ్ముతావు? లోకంలో ఎవడు నమ్ముతాడు?

పరవాలేదు. అమ్మమ్మ వెనకాల గుమ్మంలో ఇంకొకావిడ నిలబడి కళ్ళారా చూసింది. మన కింది వాటాలో ఉంటుంది. ఉద్యోగం చేసినన్నాళ్ళూ లైబ్రరీలో జనాన్ని ‘ష్’ అనడమే ఆవిడ పని. పొద్దుట్నుంచీ పైనుంచి నా గొంతు వినపడలేదట. ఈయనకేమైనా అయిందేమోనని కంగారుపడి, మీ అమ్మమ్మతో పాటు మెట్లెక్కి వచ్చింది.

నా మాట నమ్మక్కర్లేదు. ఆవిణ్ణే అడుగు. కింది వాటా, లైబ్రరీ అమ్మగారు.