తిరుపాల్ సత్తువ

అట్ల సూడొద్దప్పా నన్ను! కాలు కదపమంటే కదపవు, సెయ్యి ఎత్తమంటే ఎత్తవు, కండ్లు మాత్రం నా మిందనే పెట్టుంటావు. బొటనేలన్నా ఆడించు. ఒక్కసారి!

ఏందీ? మాట రాలేదా? వద్దులే, మాట్లాడాకు. ఊపిరి దండగైతాది. ఎదకాడ కండలు గూడా సచ్చుబడితే శానా కష్టమని డాక్టరమ్మ సెప్పింది ఇనలేదా నువ్వు?

నిన్నంతా ఆదోని యార్డులో పత్తి మూటలు మోసి మోసి ఇంటికొస్తివి. బెల్లం పూర్ణం పెట్టి ఓలిగలు సేసింటి. ఇంగొకటి తిను, ఇంగొకటి తిను అని కట్టుకున్న పెండ్లాన్ని నేనే గదా వడ్డించింది. తిని పోయి బయట అరుగు మింద పడుకుంటివి. ఈ సలికి ఊరంతా ముసుగు తన్నుకొని పడుకుంటే నీకు మాత్రం సెమట్లు! దుప్పటి తీసి పారేస్తివి. తెల్లారి సూస్తే కట్టె మాదిరి పడుండావు.

మీ జట్టు మేస్త్రి దుర్గప్ప ఏమనె? 'రాత్రి గట్టిగా పట్టించినట్టుండాడు' అని నవ్వె! నువ్వు సుక్క ముట్టవని వానికి తెల్దా? కడుపు మండిపాయె నాకు.

ఊర్లో సూదులేసే రామకృష్ణన్న మంచిగనే సెప్పె. 'ఇది నా సేతిలో పని కాదమ్మా, ఆదోనికి తీసకపో' అనె. నేను ఆయన్న మాట ఇంటినా? వొట్టి నీరసమే, ఒక గ్లూకోజ్ బాటిల్ ఎక్కించన్నా, లేస్తాడు అంటి. ఒకటైపాయె. నువ్వు లేయలా. ఇంగొకటి పెట్టన్నా అని కాళ్ళు పట్టుకుంటి. రెండోది సగం దిగేసరికి నీ మెడ ఒక పక్కకి వాలిపాయె. అప్పుడు దుర్గప్పను ఎంటబెట్టుకొని ఆటోలో ఈ ఆదోని ఆసుపత్రికి తెస్తి.

ఆ తీపి నీళ్ళే నిన్ను ఇంత దూరం తెచ్చినాయంట! తీపి ఎక్కువైతే, రగతంలో ఉండాల్సిన పొటాషియమో ఏదో ఉప్పంట, అది పోయి కండల్లో దూరుతాదంట. ఇంగ కండ మన మాట ఇనదంట. నాకేం తెలుసు? గ్లూకోజంటే బలమనే గదా ఊరంతా అనేది!

డాక్టరమ్మ అడిగె, 'ఊరికెనే ఇట్ల పడిపోరమ్మా, థైరాయిడ్ ఉందని ఎవురన్నా సెప్పినారా?' అని. లేదు మేడమ్ అంటి. మళ్ళా అడిగె. మళ్ళా లేదంటి.

ఇనప్పా. కండ్లు మూసుకోవద్దు, ఇను.

పోయిన సలికాలం నీ సేతులు వొణుకుతాండాయని ఎమ్మిగనూరులో రగతం పరీక్షకి ఇచ్చొస్తిమి గదా. రిపోర్టు తేనీకి నేనొక్కదాన్నే పోతి. ఏముందంట అని నువ్వడిగితే, ఏం లేదు, నీరసమంట, బాగా తినమన్నాడు అంటి.

అబద్దం! ఆ డాక్టరు సెప్పింది వేరే. గొంతులో థైరాయిడ్ మితిమీరి పనిచేస్తాందమ్మా, అందుకే ఎంత తిన్నా సిక్కిపోతాండాడు, సలిలో గూడా సెమట్లు పడతాండాయి, ఈ మాత్రలు మానకూడదు అనె. ఎక్కువ బరువులు మోసి, కడుపునిండా తిని, సలిలో పడుకున్నాడంటే ఒకపొద్దు కాళ్ళూ సేతులూ పడిపోతాయి అనె. అచ్చం ఇట్లనే! జరిగేది ముందే సూసినట్టు సెప్పినాడు ఆయప్ప. కాగితం మింద రాసి గూడా ఇచ్చినాడు.

ఎందుకు దాచినానంటావా? కూలి పోతాదని గాదప్పా. కూలి ఇంగొకటి దొరుకుతాది. పత్తి సేలో ఆడోల్లు 'ఏం సుంకులమ్మా, నిన్న తిరుపాల్ ఒక్కడే రెండు మూటలు లేపినాడంటనే!' అంటాంటే నాకెంత గొప్పగా ఉండెనో నీకేం తెలుసు? మాత్రలు మింగేవాని పెండ్లామని అనిపించుకోనీకి మనసొప్పలా. నా గొప్పకి నిన్ను తెచ్చి ఈ మంచం మింద పండబెట్టినాను. థూ, నాదీ ఒక బతుకేనా!

ఇంగా ఇను. ఇందాక ఆధార్ కార్డు తీస్తాంటే సంచిలో ఆ కాగితం సేతికి తగిల్నాది. తీసి ఇయ్యొచ్చు గదా? మళ్ళా లోపలికి తోసేస్తి. నువ్వు ఈడ ఇట్ల పడుంటే గూడా!

కండ్లలో నీళ్ళెందుకప్పా... తుడుస్తానుండు. లేచినాక నా సెంపలు వాయించు. ఇన్నేండ్లలో ఒక్క దెబ్బ కొట్టినోడివి కావు నువ్వు.

పోతాండా. ఈ కాగితం డాక్టరమ్మకిస్తా. వార్డంతా ఇనేటట్టు తిడ్తాది, తిట్టనీ. దుర్గప్ప వాకిట్లోనే నిలబడుండాడు, వాని ముందరే సెప్తా.

నేనొచ్చేదాక ఊపిరి పీలుస్తా ఉండప్పా. అదొక్కటి సెయ్యి. ఇంగ జన్మలో నిన్నేదీ మొయ్యమనను.