దీపాలు వెలిగే వేళ చెరో చుక్క

1993 జూన్ 14వ తేదీన శ్రీమతి సూర్యకళ గారు రాజమహేంద్రవరంలోని మన కంటి ఆసుపత్రిలో నేత్ర సహాయకురాలిగా విధులలో చేరారు. రికార్డుల గదిలో కూర్చుని ఇన్నేళ్ళూ వారి చేతిరాతతో కుస్తీ పట్టిన నాకే వారి పదవీ విరమణ వేళ ఈ అభినందన రాసే భాగ్యం దక్కడం న్యాయమే.

తొలి పదేళ్ళు శస్త్రచికిత్సా విభాగంలోనూ, ఆపైన కంటి ఒత్తిడి పరీక్షల గదిలోనూ వారి సేవలు సాగాయి. కంట్లో ఒత్తిడి పెరిగి వచ్చే నీటికాసుల వ్యాధి (గ్లకోమా) నొప్పి తెలియనివ్వకుండా చూపును అంచుల నుంచి హరిస్తుంది. ఆ చీకటి గదిలో, చూపు మేరను కొలిచే తెల్లని గిన్నెలాంటి యంత్రంలో వెలుగుచుక్కలు మిణుకుమన్నప్పుడల్లా రోగులు మీట నొక్కుతుంటే, పక్కనే నిశ్శబ్దంగా కూర్చున్న సూర్యకళ గారిని చూసి, ఆ గది సంధ్యవేళ గోదావరి మీద ఎక్కడో తేలుతున్నదని భ్రమపడేవాణ్ణి.

పదకొండేళ్ళ క్రితం, పక్కనుంచి వచ్చిన పడవ కానరాక ఢీకొన్న పల్లంరాజు గారనే మత్స్యకారుడు ధవళేశ్వరం నుంచి వచ్చారు. చుక్కల మందు మొదలుపెట్టాక ఎప్పుడు కొలిచినా కంటి ఒత్తిడి పదహారే, ఉండవలసినంతే. "భేషుగ్గా ఉందండి" అని సూర్యకళ గారు మెచ్చుకునేవారు, ఆయన మురిసిపోయేవారు. చూపు మాత్రం కుంచించుకుపోతూనే ఉంది. ఇంకాస్త తగ్గితే వేట మానుకోవాల్సిందేనని డాక్టరు గారు చెప్పేశారు.

ఆ రోజు సూర్యకళ గారు మందుసీసా అడిగి తీసుకున్నారు.

"ఇది ఎన్నాళ్ళొస్తోందండి?"

"మూడు నెలలండి."

అది నెలకే అయిపోవలసిన సీసా.

"నెలనెలా ఇక్కడికొచ్చే ముందు పదిరోజులే ఏసుకుంటానండి. నెంబరు పెరిగితే మీరు చిన్నబుచ్చుకుంటారని."

ఆవిడ కోప్పడలేదు. "తప్పు నాదేనండి. నెంబరు చూసి మెచ్చుకున్నాను గానీ, రోజూ వేసుకుంటున్నారా అని అడగలేదు" అన్నారు. సాయంత్రం గోదావరి వంతెన మీద దీపాలు వెలగగానే రెండు కళ్ళలోనూ చెరో చుక్క వేసుకుని, కళ్ళు మూసి, మందు గొంతులోకి జారిపోకుండా ముక్కు పక్కన వేలితో రెండు నిమిషాలు అదిమి ఉంచమన్నారు. "ఆ దీపాలు మా డాబా మీంచి నాకూ కనబడతాయండి. మిమ్మల్ని తలుచుకుంటాను."

పోయిన చూపు తిరిగి రాలేదు. మిగిలింది మాత్రం నిలిచింది, ఆయన పడవ నేటికీ నడుస్తోంది.

విరమణ సంగతి విని పల్లంరాజు గారు మొన్న వచ్చారు. "ఓ సాయంత్రం మా పడవెక్కాలండి. పక్కనుంచి ఏ పడవొచ్చినా నేను చూసుకుంటాను" అన్నారు. సూర్యకళ గారు సరేనని తలూపారు.

అలాంటి సాయంత్రాలు వారికి నిండు ఆరోగ్యంతో, నూరేళ్ళ పాటు దక్కాలని మనసారా కోరుకుంటున్నాను. దీపాలు వెలిగి, పల్లంరాజు గారు కళ్ళు మూసుకునే ఆ రెండు నిమిషాలూ నదిని కనిపెట్టుకుని ఉండేది సూర్యకళ గారే.

— చంద్రరావు, రికార్డుల విభాగం