యూరియా ఎనభై ఆరు

నౌపడ. మే నెల మధ్యాహ్నం. కిడ్నీ శిబిరంలో భార్యాభర్తలిద్దరూ ఇచ్చిన రక్తానికి వచ్చిన పరీక్షల కాగితాలు తెచ్చిన సుందరరావుని కృపారాణి వంటింటి గుమ్మంలోనే ఆపేసింది.

"ఎనభై ఆరా? మళ్లీ సదువు బావా."

"ఎనభై ఆరే. యూరియా. అన్నం పెట్టు కృపా, ఆకలేస్తంది."

"అన్నం తరవాత. పోయిన నెల నీది యాభై. నాలుగు నెలల్నుంచి పప్పు మానిపించాను, గుడ్డు మానిపించాను. ఏటి తిన్నావ్?"

"సొరకాయ."

"సొరకాయకి ఇంత పెరగదు. ఒంటికి ఎక్కువైన మాంసకృత్తుల్లోంచి అమైనో గుంపుని కాలేయం ఊడదీస్తాది. ఊడింది అమ్మోనియా, విషం. దాన్ని యూరియా సేసి కిడ్నీలకి అప్పజెప్తాది. బీయస్సీలో ఈ డీఎమినేషన్ గురించి రెండు పేజీలు రాసి పదికి తొమ్మిది తెచ్చుకున్నాను."

"ఆ ఒక్క మార్కు ఎందుకు పోయిందో."

"మాట తిప్పకు. నీ కిడ్నీలు సగమే పన్జేస్తన్నాయి. పూడిపోయిన తూములో ఇంకెంత కుడితి పోస్తావ్?"

"సరే. తిన్నాను."

"ఏటి?"

"నెత్తళ్ల వేపుడు. బెన్హర్ ఇంటికాడ."

"ఎప్పుడు?"

"మంగళవారం. తాజావి, అప్పుడే పడవలోంచి దించినవి."

"సముద్రంలో వేట సర్కారు ఆపేసి నెల దాటింది. ఏ పడవ బావా?"

"అయితే... ఎండువి."

"తాజావన్నావ్."

"ఏదో ఒకటి. తిట్టీ, అయిపోద్ది."

"తినని నెత్తళ్లకి తిట్లు తింటానంటావేటి? నాలుగు నెలలు ఉప్పు కూడా సూసి సూసి వేశాను. అంతా ఏట్లో పోసినట్టే అయింది."

"ఒగ్గేయ్. నాకు మానిపించిన పప్పూ గుడ్డూ ఏటి సేస్తన్నావ్?"

"సెయ్యి అలవాటు, ఇద్దరికీ వండేస్తాది. పారేస్తానా? నేనే తింటన్నాను."

"రోజూనా?"

"రోజూనే. ఏం?"

"రేపట్నుంచి ఇద్దరికీ సొరకాయే వండు."

"నాకెందుకు? నేను రాయిలాగున్నాను. నువ్వు సూదికి భయపడతావని తోడుగా రక్తం ఇచ్చాను గానీ. కాగితం ఇటియ్యి."

"కళ్లజోడు లేదు కదా నీకు."

"నెత్తిమీదుంది. ఇయ్యి."

"అన్నం తిన్నాక సూడు."

"ఇప్పుడే. కాగితం ఎనక్కి ఎందుకు దాస్తన్నావ్?"

"ఇది నీది కృపా. నాది జేబులో ఉంది, నలభై ఎనిమిది."