మూడో ర్యాంకు నోట్సు

"మీ నాన్న గడ్డి కోసే మెషిన్ పక్కింటివాళ్ళకిచ్చి రెండేళ్ళయింది, ఇంతవరకూ తిరిగి రాలేదు. ఆయన కూతురివేగా. కెమిస్ట్రీ నోట్సు ఎవరి చేతిలో పెట్టబోతున్నావు?"

పన్నెండో తరగతి పబ్లిక్ పరీక్షకి పదిరోజులుంది. సిడ్నీలోని ఆ వంటింట్లో తల్లి టోస్టుకి వెజిమైట్ రాస్తూ కూతుర్ని ఓరకంట కనిపెడుతోంది.

"తాలియాకి. నోట్సు కనబడట్లేదు, నువ్వు చూశావా?"

"నీది మూడో ర్యాంకు, ఆ పిల్లది నాలుగు. నిన్ను దాటాలనే అడుగుతోంది."

"ఇక దాటలేదమ్మా. స్కూలు ర్యాంకులు పోయిన నెలే ఖాయమైపోయాయి."

"మరి ఇప్పుడెందుకంత ప్రేమ?"

"పబ్లిక్ పరీక్షలో క్లాసంతా ఎలా రాస్తే దాన్నిబట్టే మా స్కూలు మార్కులు సర్దుతారు. తర్వాత ర్యాంకు వరసలో పంచుతారు. తాలియా బాగా రాస్తే నాకూ లాభమే, పాడుచేస్తే నాకూ దెబ్బే."

"ఇది తాలియా చెప్పిందా?"

"మీ పేరెంట్స్ మీటింగులో చెప్పారు. నువ్వు పక్కావిడ కూతురి ర్యాంకు కూపీ లాగుతూ కూర్చున్నావట."

తల్లి కత్తి కింద పెట్టింది.

"నీ నోట్సు ఉతికే బట్టల బుట్టలో అడుగున దాచాను. పొద్దున తాలియా ఫోను చేస్తే నువ్వు ఇంట్లో లేవని కూడా చెప్పేశాను. కారు తీస్తాను పద, ఇచ్చొద్దాం. తప్పు నాదే."