నంద్యాల నంబరేసిన మంచుకొండ చెట్టు

ఆళ్లగడ్డ బస్టాండు ఎదురుగా ఇమాం సాహెబ్ టీకొట్టు బల్లమీద కూర్చున్నాడంటే గురవయ్య నోటికి అడ్డూ అదుపూ ఉండదు. అడవి శాఖలో ముప్పై ఏళ్లు వాచరుగా చేసి రిటైరైనవాడు, కోతలకు కొదవేముంటుంది? ఆ పొద్దు మాత్రం అతను నోరు తెరిచింది పక్కనున్న భార్య కోసం. లూదియాకు నంద్యాల ఆస్పత్రిలో మూడో కీమో ఆ రోజే. రెండిటికే జుట్టంతా రాలిపోయింది. ఇంక నావల్ల కాదు, ఇంటికి పోదాం పదమంటూ చెంగు తలమీదికి లాక్కుని కూర్చుంది. కాసేపు నవ్విస్తే బస్సెక్కుతుందేమోనని అతని ఆశ.

మొదట చిన్నగానే మొదలుపెట్టాడు. తను కాపలా కాసిన ఎర్రచందనం చెట్టును దొంగలు కొట్టబోతే గొడ్డలి విరిగిందన్నాడు. టీ వచ్చేసరికి గొడ్డళ్లు ఏడయ్యాయి.

"ఆ తర్వాత ఏమైందో తెల్సునా ఇమామన్నా? నా ధైర్యం జూసి ఆఫీసరు నన్ను హిమాలయాలకు పంపిచ్చినాడు. ఆడ యూ చెట్టని ఉంటాది, సూదుల మాదిరి ఆకులు. మన ఎర్రచందనాన్ని చేవ కోసం నరుకుతారు, దాన్ని మందు కోసం బెరడు ఒలుస్తారు. రెండూ నిదానంగా పెరిగేటివే, రెండూ కరువైపోతాండాయి. పాపం, బెరడు పోయి చలికి వణుకుతాంటే నా ఖాకీ కోటు ఇప్పి కప్పినా."

"కోటు సరిపోయిందా?" అన్నాడు ఇమాం సాహెబ్ టీ వడపోస్తూ.

"గుండీలు గూడా పెట్టినా. అలవాటు కొద్దీ రంగు తీసి, మన అడవి చెట్లకేసినట్టే దానికి నంద్యాల నంబరేసినా. ఇంకేముంది, మన డివిజను చెట్టైపాయ. నా ఎనకాలే నడుచుకుంటా వచ్చేసింది. పాణ్యం కాడ ఎండకు సొమ్మసిల్లితే, మన ఎర్రచందనం కొండ దిగొచ్చి దానికి నీడ పట్టింది."

లూదియా చెంగు చాటున నవ్వింది. గురవయ్యకు ప్రాణం లేచొచ్చింది.

"ఏమయ్యా, నువ్వు కర్నూలు దాటి యాడికి పోయినావ్?" అంది ఆమె నిదానంగా. "ఆ చెట్టు సంగతి పోయిన తూరి డాక్టరమ్మ చెప్పింది. నాకెక్కిచ్చే మందు మొదట ఆ జాతి చెట్టు బెరడులోనే దొరికిందని. నువ్వూ ఆడనే కూర్చోని వింటివి గదా."

గురవయ్య టీ గ్లాసు బల్లమీద పెట్టేశాడు. నంద్యాల బస్సు వచ్చి ఆగింది.

"నాకు భయమైతాంది లూదియా" అన్నాడు. ఎలుగుబంటిని చూసి పరిగెత్తిన రోజు కూడా భయపడ్డానని ఒప్పుకోని మనిషి, ఇమాం సాహెబ్ ముందరే ఆ మాట అనేశాడు.

లూదియా ఆస్పత్రి కాగితాల సంచి భుజానికి తగిలించుకుని లేచింది.

"పొద్దున్నుంచి నువ్వు చెప్పిన నిజం ఇదొక్కటే. లెయ్, బస్సు పోతాది."